పుదుపేటలో బ్రేకు వేట

పిల్లలూ! చెన్నపట్నంలో ఎగ్మూరు దగ్గర పుదుపేట ఉన్నది. అక్కడ ఎటు చూసినా విప్పిన కార్ల తలుపులు, దీపాలు, స్ప్రింగులే!

మా తమ్ముడి స్టాండర్డ్ హెరాల్డ్ కారు కోసం అక్కడికి వెళ్లాను. 1961లో మద్రాసు దగ్గరే తయారీ మొదలైన కారది. ఆ తయారీ ఆగిపోయి చాలా కాలమయింది.

నేను తీసుకువెళ్లిన పాత బ్రేకు సిలిండరు మీది పోత అంకెలను దుకాణంలోని ముసలి మేస్త్రీ చదివాడు. రెండు సిలిండర్లు తీశాడు. చూపుకు ఒకటే, కొలిస్తే లోపలి వెడల్పు వేరు! సరిపోయేది ఏరాడు. అందులోని రబ్బరు మెత్తగానే కనిపించింది.

"ఇది చాలు," అన్నాను.

"చాలదయ్యా! ఇనుమును శుభ్రం చేయవచ్చు. పాత రబ్బరు చీలితే నూనె కారుతుంది, బ్రేకు పడదు. రబ్బరు మాత్రం కొత్తది వేయించండి," అన్నాడు.

చూశారా? ఏది ఉంచాలో, ఏది మార్చాలో ఆనాడు ఈ పంతులుకే పాఠమయింది!