ధూమం చెప్పిన తర్కం

బొల్లారంలో రాష్ట్రపతి నిలయానికి అనతిదూరంలోని ఒక వీధిలో విశ్రాంత సంస్కృతాధ్యాపకులొకరు నివసిస్తున్నారు. మోకాళ్ల వ్యాధితో బాధపడే సహధర్మచారిణిని వైద్యశాలకు తీసుకువెళ్లడం కోసం ఆయన ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నారు. నెల దాటగానే సైలెన్సర్ నుండి పొగ ఆరంభమైంది. ఎదురింటి బాలునికి ఉబ్బసం. ప్రాతఃకాలంలో ఇంజన్ చప్పుడు వినబడగానే ఆ తల్లి కిటికీ తలుపులు మూసివేసేది. ఆమె ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే ఆయనకు దుస్సహమైంది.

ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహాన్ని ఆయన దశాబ్దాలపాటు బోధించారు. పర్వతంపై ధూమాన్ని చూసి అగ్నిని అనుమానించడం అందులోని సుప్రసిద్ధమైన ఉదాహరణ. అయినా తన వాకిట ధూమం కనబడినప్పుడు ఆ శాస్త్రం ఆయనకు స్ఫురించలేదు. పొగ వస్తోంది కనుక డీజిల్ సరిగా మండడం లేదని నిశ్చయించుకున్నారు. ఎయిర్ ఫిల్టర్ మార్పించారు, ఇంజెక్టర్లు శుభ్రం చేయించారు. ధనం వ్యయమైంది, పొగ తగ్గలేదు.

సాధ్యం లేని చోట కూడా వర్తించే హేతువును నైయాయికులు సవ్యభిచారమంటారు. కేవలం ‘పొగ’ అనే సామాన్యం అటువంటిదే. దాని విశేషాన్ని చూడాలి. గాలి చాలక ఇంధనం అధికమైతే పొగ నల్లగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ కొనసాగితే అది మండని ఇంధనానికో, సిలిండర్‌లోకి చేరిన కూలంట్‌కో లింగం. నీలి ఛాయ ఇంజన్ ఆయిల్ దహనానికి లింగం.

“పంతులుగారూ, పొగ రంగు చూశారా? ఎప్పుడెప్పుడు వస్తోందో చూశారా?” అని బజారులోని వృద్ధ మెకానిక్ అడిగినప్పుడు ఆయన సిగ్గుపడ్డారు. మూడు దినాలు శ్రద్ధగా పరిశీలించారు. రైల్వే గేటు వద్ద చాలాసేపు నిలిచి, మళ్లీ వేగమందుకోగానే నీలి పొగ. ఆయిల్ మట్టం తగ్గుతోంది, కూలంట్ తగ్గలేదు. కంప్రెషన్ పరీక్షలో సిలిండర్లన్నీ సరిగానే ఉండడంతో పిస్టన్ రింగులపై శంక తొలగింది. టర్బో నుండి వెళ్లే గాలి గొట్టం విప్పగా లోపల ఆయిల్ కనబడింది, టర్బో ఇరుసు ఊగుతోంది. అన్యకారణాలు ఒక్కొక్కటిగా తొలగగా మిగిలినదానిని గ్రహించడమే పరిశేషానుమానం.

తర్కం ముగిసింది, ధర్మసంకటం ఆరంభమైంది. మరమ్మతుకు కావలసిన సొమ్ము మోకాలి శస్త్రచికిత్సకు దాచినదానిలోంచే రావాలి. ఒక బ్రోకరు ఉపాయం చెప్పాడు: “ఆయిల్‌లో చిక్కటి మందు పోయించండి సార్. నెలరోజులు పొగ కనబడదు. ఆలోపు అమ్మేయండి.” తనకు ఈ కారు వచ్చినదీ బహుశా ఈ మార్గంలోనేనని ఆయనకు అప్పుడు తోచింది. ఆ రాత్రి విషయమంతా భార్యకు చెప్పారు.

“నా మోకాళ్లు ఇంకొన్ని నెలలు ఓర్చుకుంటాయి లెండి. కొన్నవాళ్ల ఎదురింట్లోనూ ఓ పిల్లవాడు ఉంటాడు” అన్నదామె.

టర్బో బాగైంది.

ధూమం అగ్నిని కప్పినట్లు కామం జ్ఞానాన్ని కప్పుతుందని గీత తృతీయాధ్యాయం బోధిస్తుంది. అయితే ఆ ధూమమే లోపలి దోషాన్ని తెలిపే లింగం కూడా. సాధకుడు తనలోని క్రోధాన్ని మందహాసంతో మరుగుపరచడం ఆ చిక్కటి మందు పోయడమే. అది ఎప్పుడు, దేనివల్ల పైకి వస్తున్నదో నిదానంగా గమనించడం చికిత్సకు ప్రథమ సోపానం.

శస్త్రచికిత్స ఇంకా వాయిదాలోనే ఉన్నది. ఎదురింటి కిటికీ మాత్రం ఇప్పుడు కారు బయలుదేరే వేళ కూడా తెరిచే ఉంటోంది.