పులుసుకొకటి, వేపుడుకొకటి

కొత్త కాపురం పెట్టే పిల్లలెవరైనా "గిన్నెలు ఏవి కొనుక్కోమంటారు పిన్నీ?" అని అడిగితే నేను ఎదురడిగేది ఒకటే. వారంలో చింతపండు ఎన్నిసార్లు నానబెడతావు? నవ్వేస్తారు. మీరూ నవ్వారా? లెక్కంతా అక్కడే ఉందండీ. పులుపు తగిలే వంటకు ఒక పాత్ర, నూనెలో వేగే వంటకు ఇంకో పాత్ర. ఈ రెండూ గట్టివి దొరికితే వంటింటి పెద్ద ఖర్చు తీరినట్టే. పాలు కాచేది, టీ పెట్టేది ఏదైనా పరవాలేదు.

కొట్లో మాత్రం మాట వేరుగా నడుస్తుంది. పండగ తగ్గింపు, ఏడు పాత్రల సెట్టు, రంగుల డబ్బా. ఆ డబ్బా విప్పించి చూడండి. ఏడింటిలో రెండు మూతలు, ఒకటి గరిటె. మిగిలిన నాలుగూ అంచు పట్టి నొక్కితే లోపలికి పోయే రేకు. వాటిలోనూ రెండు ఏడాది తిరిగేసరికి అటకెక్కుతాయి. సెట్టు కొనకండి అని గట్టిగానే చెబుతాను. ఎవరైనా పెళ్ళికి చదివిస్తే పుచ్చుకోండి, అది వేరు.

ముందు పులుసు పాత్ర. చారు, పులుసు, టమాటా పప్పు, గోంగూర... వీటికి పూర్వం రాచ్చిప్ప ఉండేది. పులుపుతో దానికి పేచీ లేదు. దించి కింద పెట్టాక కూడా చారు కాసేపు కుతకుతమంటూనే ఉండేది. చెయ్యి జారితే మాత్రం రెండు ముక్కలు. ఇప్పుడు ఆ చోటు స్టీలుది. పులుపుకు స్టీలు చలించదు గానీ దానికో అవలక్షణం ఉంది, వేడిని పంచదు. వేడి పాకే గుణం రాగిలో 400 పాళ్ళు అనుకుంటే అల్యూమినియంలో 237, పోత ఇనుములో 50 దరిదాపు, స్టీలులో 15. అందుకే పల్చటి స్టీలు గిన్నెలో పాయసం పెడితే మంట తగిలినంత మేర గుండ్రంగా అడుగంటుతుంది.

దీనికి మందు మధ్యలో అల్యూమినియం పెట్టడం. కొన్నిటికి అడుగున మాత్రమే మందపాటి బిళ్ళ అతికిస్తారు. ట్రైప్లై అనేవాటికి స్టీలు, అల్యూమినియం, మళ్ళీ స్టీలు, మూడు పొరలూ అడుగు నుంచి అంచుదాకా ఉంటాయి. బిళ్ళ రకం చవక. చారుకూ పులుసుకూ అది చాలు, ఎందుకంటే నీళ్ళున్న వంట మరుగుతూ వేడిని తనే తిప్పుకుంటుంది. చిక్కబడే వాటితోనే తంటా, బిళ్ళ ఆగిపోయిన గీత వెంబడి మాడుతుంది. పాయసాలూ హల్వాలూ తరచూ చేసే ఇల్లయితే ట్రైప్లై ఒక్కటి కొనుక్కోండి. నాలుగు పల్చటి గిన్నెల డబ్బు దానికి పోయినా నేను తప్పుపట్టను.

మామూలు స్టీలు గిన్నెకైతే గేజి అడగండి. ఇందులో ఓ తిరకాసు, అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన. 22 గేజి అంటే ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు, 18 గేజి 1.2 మిల్లీమీటర్లు. అన్నట్టు, అయస్కాంతం అంటకపోతే మేలు రకం స్టీలని ఒక నమ్మకం ఉంది కదా, అది సగమే నిజం. 8 శాతం నికెల్ ఉండే 304 రకానికి అంటదు, సరే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 శ్రేణి చవక రకానికీ అంటదు! ఉప్పూ పులుపూ తగిలితే ముందు మచ్చలు పడేది ఈ రెండోదే. అయస్కాంతం నిజంగా పనికొచ్చేది ఇండక్షన్ స్టవ్వు ఉన్నవాళ్ళకు. అడుగుకు గట్టిగా అతుక్కుంటేనే ఆ పాత్ర దానిమీద వేడెక్కుతుంది. స్టీలు రకం తెలియాలంటే పాత్ర మీద ముద్ర వెతకాలి. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక వేపుడు. ఇక్కడ నాది పక్షపాతమే, ఇనుప మూకుడు వైపు. తక్కువ డబ్బుతో ఎక్కువ కాలం మన్నేది ఇంకోటి నాకు కనబడలేదు. పోత ఇనుము బరువు, కాగితే వేడి నిలబెడుతుంది, అట్లకు దానికి మించింది లేదు. కానీ పెళుసు. గచ్చుమీద పడినా, కాలుతున్న పెనం మీద చన్నీళ్ళు గుమ్మరించినా బీటలివ్వచ్చు. కమ్మరి సుత్తితో కొట్టి చేసిన రేకు మూకుడు పగలదు, మహా అయితే సొట్టపడుతుంది. తేలిక కూడాను, చెవులు పట్టుకుని ఎత్తి కూర ఒంపేసుకోవచ్చు. అట్లకు పోత పెనం, వేపుళ్ళకు కొట్టిన మూకుడు, నా ఓటు ఇలా.

కొత్త పెనం ఇంటికి రాగానే అట్టు పోసి, ఊడి రాలేదని తిట్టుకోకండి. తుప్పు పట్టకుండా పూసి పంపిన జిడ్డు ముందు పోవాలి. సబ్బుతో పీచు పెట్టి తోమి, నీళ్ళు కాచి పారబోసి, పూర్తిగా ఆరబెట్టండి. ఆ తర్వాత నాలుగు చుక్కల నూనె రాసి, రాసిందంతా గుడ్డతో తుడిచేసి, పొగ లేచేదాకా కాల్చి, చల్లారనివ్వండి. ఇలా మూడు నాలుగు సార్లు. తుడిచెయ్యడమేమిటి అంటారా? వేడికి నూనె గట్టిపడి ఇనుముకు పట్టుకుని పల్చటి పొర అవుతుంది. నూనె ఎక్కువైతే పొర కట్టదు, జిగటగా మిగులుతుంది. ఉల్లిపాయ సగానికి కోసి పెనం రుద్దడం మీకు తెలిసిందే. మొదటి నెల్లాళ్ళూ బజ్జీలు, దొండకాయ వేపుడు, వడియాలు, ఇలాంటివే చేయండి. పులుపు చూపించొద్దు, పొర కరిగిపోతుంది. పొర కుదిరాక కూడా పులుసు దాంట్లో కాచి వదిలేయకండి, నల్లబడుతుంది, ఇనుము రుచి వస్తుంది. బెండకాయ ఇనుములో నల్లబడటం మామూలే, తినొచ్చు. కడిగిన వెంటనే పొయ్యిమీద పెట్టి తడి ఆరిస్తే తుప్పు బాధ ఉండదు. ఇంతకు మించి దానికి సేవ లేదు.

"అంత ఓపిక లేదు, నాన్‌స్టిక్కే" అంటారా, అనండి. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్, ఫ్రిజ్‌లకు వాడే వాయువుల మీద పనిచేస్తుంటే సిలిండరులో తెల్లటి పొడి మిగిలింది. అదే ఆ పూత. దాని స్వభావానికీ మన పోపుకూ పడదు. ఖాళీ పాత్రను పెద్ద మంటమీద వదిలేస్తే నిమిషాల్లో 260 డిగ్రీలు దాటుతుంది, అక్కడినుంచి పూత చెడటం మొదలు. పైగా మన చేతిలో ఎప్పుడూ స్టీలు అట్లకాడే. పూత లేచిన వాటిని పారేయమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. నాన్‌స్టిక్ చెప్పుల జత లాంటిది, అరిగాక మార్చాల్సిందే. కోడిగుడ్డు అట్టుకు చిన్నది ఒకటి, చవకలో, చెక్క గరిటెతో. ఖరీదైనది కొన్నా పూత పూతే.

సత్తు గిన్నె, అదే అల్యూమినియంది, తేలిక, త్వరగా కాగుతుంది, నీళ్ళకూ పాలకూ హాయి. చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే మాత్రం గుంటలు పడుతుంది. ఏ తుక్కు కరిగించి పోశారో తెలియని, ముద్ర లేని గిన్నెల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది, వాటి జోలికి పోవద్దు. అజ్జరం ఇత్తడి అందం నాకూ ఇష్టమే. కానీ పులుపు వండాలంటే లోపల కళాయి ఉండాలి, ఆ తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, వీధుల్లో కేకేసుకుంటూ వచ్చి కళాయి వేసేవాళ్ళూ కరువైపోయారు. ఉన్నది వాడుకోండి, తక్కువ డబ్బుతో కొత్తగా కొనే వస్తువు కాదది.

అమెరికా వెళ్ళే పిల్లలకు ఇనుప పెనం సర్దే తల్లులకో మాట. టెనెసీలో 1896 నుంచి పోత ఇనుము పాత్రలు చేసే లాడ్జ్ కంపెనీ పెనాలు అక్కడ సరసమైన ధరకే దొరుకుతాయి. పెట్టెలో ఆ బరువుకు పచ్చళ్ళు పెట్టండి. మన గుండ్రటి అడుగు మూకుడు అక్కడి గాజు పొయ్యిమీద నిలవదు కూడా.

హైదరాబాదు వాళ్ళకు బేగంబజారు, విజయవాడ వాళ్ళకు వన్ టౌను ఉండనే ఉన్నాయి. పాత్రను గాజు బల్లమీద బోర్లించకుండా నిలబెట్టి అంచుమీద వేలితో నొక్కండి, ఊగితే వద్దు. పిడి రివెట్లతో బిగించి ఉంటే మంచిది. ఒక్క మరమీద ఆధారపడిన నల్ల పిడి ఎప్పుడో ఒకప్పుడు గిర్రున తిరుగుతుంది. ఒకే సైజువి రెండుంటే తూకం వేయించి బరువున్నది తీసుకోండి. మూతలు విడిగా కొనకండి, ఇంట్లో కంచాలున్నాయిగా. పోత పెనం, ట్రైప్లై గిన్నె కలిపితే సంచీ బాగానే లాగుతుంది, వచ్చేటప్పుడు బస్సు కాకుండా ఆటో మాట్లాడుకోండి.