తీయనిచ్చింది, పంచమందా?

వదినగారూ, రైతుబజారులో ఫొటోలు తీస్తున్నాడని మీ చిన్నాణ్ణి ఎవరో కసిరారటగా! "బజారులో తీయకూడదని ఏ చట్టంలో ఉంది?" అని వీడూ ఎదురడిగాడట. ఆ మాటవరకూ వాడిదే నిజమండీ. నడివీధిలో మనిషిని ఫొటో తీయడమే నేరమనే చట్టం మనకి లేదు. అక్కడితో ఆగిపోతే ఎలా మరి?

పుట్టస్వామిగారని, కర్ణాటక హైకోర్టులో జడ్జీగా చేసి రిటైరయ్యాక ఆధార్ మీద సుప్రీంకోర్టుకెక్కిన పెద్దాయన. ఆయన కేసులోనే 2017 ఆగస్టులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. నలుగురిలోకి వచ్చినంత మాత్రాన అది పోదనీ ఆ తీర్పులో రాశారు.

ఆడవాళ్ల విషయంలో చట్టం ఇంకా గట్టిది. ఎవరూ చూడరన్న నమ్మకంతో బట్టలు మార్చుకుంటుంటే చాటుగా తీశారనుకోండి, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్లదాకా జైలు. 2027లో గోదావరి పుష్కరాలు కదా, రేవుల్లో బట్టలు మార్చుకునే గదుల దగ్గర మన ఆడపిల్లలకి ఈ నంబరు నోటికి రావాలి. ఆ సెక్షన్లోనే ఇంకో సంగతుంది. అలాంటి ఫొటో తీయడానికి ఆవిడే ఒప్పుకున్నా, ఇంకొకరికి చూపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమే. ఆ తేడా ఒక్క సెక్షన్లోనే ఉండిపోకూడదండీ, బజారులోకీ రావాలి.

గోంగూర కట్టలమ్మే మామ్మ లేదూ? మీవాడు తీస్తానంటే కొంగు సర్దుకుని నవ్విందట. మంచిదే. కానీ అది రీలై ఊరూరా తిరుగుతుందని ఆవిడకెవరు చెప్పారు? ఎండలో కూర్చుని అమ్ముతున్నట్టు మనవరాలి అత్తారికి తెలియదేమో. ఆ రీలు కింద ఎవరెవరో "అయ్యో పాపం" అని రాస్తున్నారు, ఆ జాలి ఆవిడ అడిగిందా? కారు దిగినావిడ ఫొటో తీయడానికి జంకే చెయ్యి, నేలమీద కూర్చున్నవాళ్ల దగ్గర జంకదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

తీయొద్దని నేననను, వాడి చేతిలో పనితనం ఉంది. తీసింది ఆవిడకే చూపించి, "మామ్మా, ఇది ఇన్‌స్టాలో పెడతాను, ఎవరైనా చూడొచ్చు, సరేనా?" అని అడగమనండి. వద్దంటే ఆవిడ ఎదురుగానే చెరిపెయ్యమనండి. పిల్లలైతే కెమెరా ఎత్తకముందే అమ్మనో నాన్ననో అడగాలి. ఆ రీలు మాత్రం ఇవాళ సాయంత్రంలోగా తీయించెయ్యండి. మామ్మ సరేనంటే మళ్లీ పెట్టుకోవచ్చు.