సర్కారు సొమ్ము, ప్రైవేటు బడి

పెద్దాపురంలో ఎవర్నైనా కదిపి చూడండి, ప్రైవేటు బడులకి ప్రభుత్వం డబ్బివ్వొచ్చా అని. "ఎందుకండీ ఇవ్వడం, మనం కట్టే పన్నులు వాళ్లకా?" అంటారు. ఆ మనిషినే మరి ఎయిడెడ్ బడులు మూసేద్దామా అని అడగండి. "అబ్బే, అదెలా కుదురుతుందండీ, మా నాన్నగారు చదువుకున్నది అక్కడే" అంటారు. ఈ రెండు జవాబులూ ఒకే నోట వస్తాయి. ఇందులో నాకు తికమకేమీ కనపడదు. ఫీజులు దండుకునే బడి వేరు, ఊరి పిల్లలకి చదువు చెప్పే బడి వేరని జనానికి బాగా తెలుసు. రెంటినీ ఒకే గాటన కట్టింది మనం కాదు, కాగితాలు.

ఈ ఎయిడు నిన్నమొన్నటిది కాదండోయ్. 1854లో చార్లెస్ వుడ్ లండన్ నుంచి విద్య మీద రాసి పంపిన పత్రం తర్వాత గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీలో ఊపందుకుంది. బడి కట్టేది మిషన్ వాళ్లో, జమీందారో, ఊరి పెద్దల కమిటీయో. ఖర్చులో సాయం సర్కారుది. మన ఊళ్లో లూథరన్ హైస్కూలుని తలుచుకోండి, వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మ గారి పేరుతో ఉన్న మహారాణి కాలేజీని తలుచుకోండి. ఇలాంటివి ఎవరో ఒకరు పూనుకుంటే వచ్చినవే. తర్వాత తర్వాత ఎయిడెడ్ పంతుళ్ల జీతం ఖజానా నుంచే రావడం మొదలైంది. దానికి బదులుగా ఫీజుకి కళ్లెం, నియామకాల్లో రిజర్వేషన్, అధికారుల తనిఖీ. నా మటుకు నాకు ఇది న్యాయమైన బేరమే.

2021 ఆగస్టులో వరసగా వచ్చిన ఉత్తర్వులు ఈ బేరాన్ని కదిపాయి. ఆస్తులతో సహా బడిని ప్రభుత్వానికి అప్పగించండి, లేదంటే ఎయిడెడ్ సిబ్బందిని పంపేసి సొంత ఖర్చుతో నడుపుకోండి అన్నారు. స్థలాలు వదులుకోవడం ఇష్టంలేని యాజమాన్యాలు రెండో దారి పట్టాయి. రాష్ట్రంలో దాదాపు రెండు వేల ఎయిడెడ్ బడులుండేవి. పంతుళ్లు వెళ్లిపోయాక ఫీజు కట్టమంటే, కట్టలేకే అక్కడ చేర్చిన తల్లి ఏం చేస్తుంది? రోడ్డెక్కింది. నవంబరు 8న అనంతపురం ఎస్ఎస్‌బీఎన్ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. ఆ వారంలోనే ప్రభుత్వం ఓ మెట్టు దిగి, ఎయిడెడ్‌గా కొనసాగొచ్చు, ఇచ్చిన సమ్మతిని వెనక్కీ తీసుకోవచ్చు అంది. ప్రజాభిప్రాయం అంటే ఏమిటో నాకు ఆ రోజుల్లో కనపడినంత స్పష్టంగా ఏ సర్వేలోనూ కనపడలేదు.

ఆ సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ కేసులో ఎయిడు పొందడం ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. చట్టప్రకారం కాకపోవచ్చు. కానీ అక్కడ చదివే పిల్ల మాటేమిటి?

ఇంకో పక్క చూడండి. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి 15,000 రూపాయలు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అందాయి. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనంలోనూ అంతే, ఖాతాలో 13,000 పడ్డాయి. ఆ తల్లుల్ని నేను తప్పుపట్టను. పిల్లాడికి ఇంగ్లీషు రావాలని ఎవరికుండదు? అయితే ఆ డబ్బు ఖాతాలో పడి, నాలుగు రోజుల్లో ఫీజు కౌంటరు చేరితే, అది సర్కారు ప్రైవేటు బడికి ఇచ్చిన సొమ్మే కదండీ. అలా చేరిన సొమ్ముతో పాటు షరతేదీ వెళ్లదు. పంతులికి జీతం సరిగ్గా ఇస్తున్నావా అని ఎవరూ అడగరు. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకి ఇవ్వాల్సిన 25 శాతం సీట్ల విషయంలో కనీసం ఫలానా పిల్లని చేర్చుకో అనే మాటైనా ఉంది.

నెదర్లాండ్స్‌లో 1917లోనే రాజ్యాంగం మార్చుకుని, ప్రభుత్వ బడికీ మతసంస్థల బడికీ సమానంగా ఖజానా సొమ్మిస్తున్నారు. దాంతో పాటు చదువు ప్రమాణాలూ అడుగుతారు. డబ్బూ, జవాబుదారీ కలిసి నడుస్తాయి.

ఎయిడెడ్ యాజమాన్యాలన్నీ మంచివని నేననను. పోస్టుకింత అని చేతులు మారిన కథలు గోదావరి జిల్లాల్లో వినని వాళ్లుండరు. దానికి మందు పరీక్ష పెట్టి పంతుళ్లని తీసుకోవడం. బడిని ఎండగట్టడం కాదు. ఏళ్ల తరబడి ఏం జరిగింది? పంతులు రిటైరైతే ఆ ఖాళీ నింపలేదు. లెక్కల మాస్టారు లేని బడిలో పిల్లలెందుకు ఉంటారు? వెళ్లిపోయారు. పిల్లలు లేరు కాబట్టి ఈ బడి అక్కర్లేదని ఫైలు రాశారు. అలా రాసిన ప్రతి ఫైల్లోనూ ఖాళీలు ఎప్పట్నుంచి ఉన్నాయో కూడా రాయించమని మన ఎమ్మెల్యే గారిని అడుగుదాం. ఆ తర్వాత ఎయిడు కావాలో వద్దో ఊళ్లో వాళ్లనే అడగమందాం.