మా నెల్లూరు వాణిశ్రీ, మా అమ్మ, ఒక ఇంటర్వ్యూ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది మైపాడు దగ్గర ఒక పల్లె. నెల్లూరు నుంచి వస్తూ బకింగ్‌హామ్ కాలవ దాటి, రొయ్యల గుంటల మధ్యనుంచి వెళ్తే వస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ సముద్రపు గాలికి కునుకు తీస్తున్నారు. అమ్మ ఒక్కతే టీవీ ముందు కూర్చుంది. ఏదో ఛానల్లో 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు' వస్తోంది. చిన్నప్పుడు ఈలలేసి చూసిన సినిమా కదా, నేనూ పక్కనే కూలబడ్డాను.

వాణిశ్రీ తల ఎగరేసి చిరంజీవికేసి ఒక చూపు చూసింది. "అబ్బో, ఏం పొగరో!" అన్నాను నవ్వుతూ.

అమ్మ నవ్వలేదు. "ఏందిరా పొగరు? ఆ చూపు ప్రేమనగర్లో కూడా ఇట్టనే చూసింది. అప్పుడు మీ నాయనతో సహా అందరూ ఎంత అభిమానం గల పిల్ల అని చప్పట్లు కొట్టారు. ఇప్పుడేమో పొగరంట!" అనింది.

నేను గమ్మునుండిపోయాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు, తెలియని కుర్రకారు కోసం కొంచెం వాణిశ్రీ గురించి. అసలు పేరు రత్నకుమారి. 1948లో నెల్లూరులో పుట్టింది. 1960ల మొదట్లో చిన్నా చితకా వేషాలతో మొదలుపెట్టి, చాలాకాలం హాస్యం జోడీగా, రెండో హీరోయిన్‌గా నెట్టుకొచ్చింది. బి.ఎన్.రెడ్డి 'రంగుల రాట్నం' (1966), ఆ తర్వాత 'సుఖ దుఃఖాలు' (1968) ఆమెని జనం కళ్ళలో పడేశాయి. రెండోదాంట్లో కృష్ణశాస్త్రి రాసి సుశీల పాడిన మల్లెల పాట ఇప్పటికీ రేడియోలో వస్తే మా అమ్మ చేస్తున్న పని ఆపేస్తుంది.

ఇక 1971. 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్' ఒకే ఏడాది. రెండిట్లోనూ నాగేశ్వరరావే హీరో. 'ప్రేమనగర్' కోడూరి కౌసల్యాదేవి నవల. రామానాయుడు ఆ సినిమాతోనే నిర్మాతగా నిలదొక్కుకున్నాడని అందరూ చెప్పే మాట. దాన్నే తమిళంలో 'వసంత మాళిగై' (1972)గా తీస్తే శివాజీ గణేశన్ పక్కన కూడా వాణిశ్రీనే వేసింది. 'జీవన తరంగాలు' (1973), 'కృష్ణవేణి' (1974), 'జీవన జ్యోతి' (1975)... వరసగా మూడేళ్ళు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి. 'జీవన జ్యోతి'లో తల్లీ తనే, కూతురూ తనే. ఆ రోజుల్లో వాణిశ్రీ చీరలు, వాణిశ్రీ కొప్పు అంటే ఆడవాళ్ళకి ఎంత పిచ్చో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మా అమ్మ పెళ్ళి ఫోటోలో ఆ కొప్పు ఎంతుందంటే, వెనకున్న మా తాతయ్య మొహం సగమే కనపడుతుంది :-)

తర్వాత డెబ్భైల చివర్లో పెళ్ళి చేసుకుని సినిమాలకి దూరమైంది. దాదాపు పదేళ్ళ గ్యాప్. తిరిగొచ్చింది 1989లో, అమ్మ ఆ మధ్యాహ్నం చూస్తున్న ఆ సినిమాతోనే. తర్వాత 'బొబ్బిలి రాజా' (1990), 'సీతారత్నం గారి అబ్బాయి' (1992).

ఇప్పుడు కొంచెం లెక్కలు (మనకి అలవాటైన పనే కదా). 1989 సంక్రాంతికి వాణిశ్రీకి 40 ఏళ్ళు. అల్లుడిగా వేసిన చిరంజీవికి 33. అంటే అత్తకీ అల్లుడికీ ఏడేళ్ళు తేడా! 'జీవన జ్యోతి'లో ఆమె మొగుడిగా వేసిన శోభన్‌బాబు ఆమెకన్నా పదకొండేళ్ళు పెద్ద. ఆయన 1990ల మధ్యదాకా హీరోగానే వేసి, హీరోగానే రిటైరయ్యాడు. 'బడి పంతులు' (1972)లో రామారావుకి మనవరాలిగా వేసిన శ్రీదేవి, ఏడేళ్ళు తిరిగేసరికి 'వేటగాడు' (1979)లో ఆయన పక్కన హీరోయిన్. మనవరాలు ఎదిగి హీరోయిన్ అయింది, తాత మాత్రం హీరోగానే ఉన్నాడు.

ఇదంతా పాత గొడవే, అందరూ అనేదే. కానీ అమ్మ అన్నది ఇది కాదు. వయసు పెరిగి వేషం మారడం ఒక సంగతి. అదే గుణానికి పేరు మారడం ఇంకో సంగతి. 'ప్రేమనగర్'లో లత జమీందారు బిడ్డ దగ్గర సెక్రటరీ. నింద పడితే ఆ మేడలో ఒక్క నిమిషం ఉండదు. డబ్బుకి లొంగదు, తల వంచదు. అందుకే జనం ఆమెని నెత్తిన పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత అదే మనిషి, అదే మెడ, అదే చూపు. ఈసారి కథ మొత్తం ఆ తల ఎలా వంచాలా అన్నదే. అత్త పాత్ర చేసినవి మంచి పనులని నేననను. కానీ ఆమె ఓడిపోయినప్పుడు హాల్లో మేం వేసిన ఈలలు ఆ పనులకి పడిన శిక్ష కోసమేనా? నాకు అనుమానమే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వంచడానికే రాసిన ఆ పాత్రని కూడా ఆమె చిరంజీవికి దీటుగా నిలబెట్టింది. సూర్యకాంతం తర్వాత అత్త వేషానికి అంత గ్లామర్ తెచ్చింది వాణిశ్రీనే.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. 'ప్రేమనగర్' మా ఊరి టూరింగ్ టాకీసుకి చాలా ఆలస్యంగా వచ్చిందట. ఇసకలో కూర్చుని చూసిందట. తర్వాత 'సెక్రటరీ' (1976) వచ్చేనాటికి అమ్మ నెల్లూరు పోయి టైపు నేర్చుకుంటోంది. లోయర్ పాసైంది కూడా. అంతలో పెళ్ళి. "టైపు మిషనోళ్ళింట్లో పిల్లని కోడలిగా తెచ్చుకోలా మేము" అన్నారట మా నాయనమ్మ. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ బీరువాలో, పట్టుచీర మడతలో ఉంది. ఈ కథ నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. నలభై దాటిన కొడుకుని, ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఇక నేను గమ్మునుండిపోయిన కారణం.

ఆర్నెల్ల క్రితం, అప్పటి నా కంపెనీలో ఒక సీనియర్ డెవలపర్ పోస్టుకి నేను ప్యానెల్లో ఉన్నాను. ఒకావిడ వచ్చింది. నలభై దాటింది. పిల్లలు, మామగారి జబ్బు... ఎనిమిదేళ్ళ గ్యాప్. టెక్నికల్ రౌండ్ బానే చేసింది. చివర్లో నేనడిగాను, "ఇంత గ్యాప్ తర్వాత మీకన్నా చిన్న లీడ్ కింద పనిచెయ్యడం ఇబ్బంది కాదా?" అని. ఆవిడ నవ్వి, "ఈ ప్రశ్న మగవాళ్ళని కూడా అడుగుతారా?" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో నేను రాసింది: యాటిట్యూడ్ సమస్య, టీమ్‌లో ఇమడడం కష్టం.

అదే వారంలో ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు నా డిజైన్ ప్రశ్నే తప్పని పది నిమిషాలు వాదించాడు. వాడికి నేను రాసింది: మంచి కాన్ఫిడెన్స్, ఓనర్‌షిప్ ఉంది.

రెండూ నా చేత్తో రాసినవే. ఎవరూ చెప్పి రాయించలేదు. ఆవిడని వద్దన్నాం, కుర్రాణ్ణి తీసుకున్నాం. పండగ అయ్యాక హెచ్చార్‌కి మెయిల్ పెట్టాను, మళ్ళీ పిలుద్దామా అని. ఆ పొజిషన్ ఎప్పుడో క్లోజ్ అయిందని ఒక లైన్ జవాబొచ్చింది. ఆవిడకి ఎక్కడైనా ఉద్యోగం దొరికిందో లేదో తెలియదు.

అప్పట్నుంచి ఒక పని చేస్తున్నాను. ఫారంలో యాటిట్యూడ్ అన్న మాట రాయబోయే ముందు, ఇదే జవాబు ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు చెప్పుంటే ఏమని రాసేవాణ్ణి అని ఆలోచిస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు రాసింది కొట్టేశాను. మీరు కూడా ఇంటర్వ్యూలు చేస్తుంటే, మీ పాత ఫీడ్‌బ్యాకులు ఒకసారి తీసి చూడండి. ఏమాత్రం సరదాగా ఉండదు, ముందే చెప్తున్నా.

బయల్దేరే రోజు పొద్దున, "అమ్మా, ఆ టైపు సర్టిఫికెట్ ఫ్రేము కట్టిస్తా, ఇవ్వు" అన్నాను.

"పనిలేదా నీకు? బస్సుకి టైమయితుంది పో" అని లోపలికెళ్ళింది. రెండు నిమిషాల తర్వాత అరిసెల డబ్బాతో పాటు ఒక కవరు కూడా తెచ్చి నా బ్యాగులో పెట్టింది.