ముద్దాయీ తనే, జడ్జీ తనే

ఎదుటివాళ్లను ఇట్టే ఓదార్చే మనిషి తన విషయానికి వచ్చేసరికి ఎందుకంత కఠినం? ఆ ముడి విప్పడానికి థెరపీ చేసేదేమిటి?

రాత్రి రెండు దాటితే చాలు, ఆమెకు మెలకువ వచ్చేస్తుంది. లైటు వేయనక్కర్లేదు. 2021 మే నెలలో ఒక రాత్రి ఆక్సీమీటర్ మీద చూసిన 91 అంకె చీకట్లో కూడా కనిపిస్తుంది. "ఈ వేళప్పుడు ఎక్కడికని తిరుగుతాం? తెల్లారాక చూద్దాంలేమ్మా" అన్నారు నాన్న. ఆమె సరేనన్నారు. తెల్లారేసరికి అంకె 78కి పడిపోయింది. నాలుగో రోజున ఆయన లేరు.

ఆమె విజయవాడలో ఒక బ్యాంకు ఆఫీసరు. వయసు 44. లెక్కల మనిషి కాబట్టి ఆ రాత్రి లెక్క కూడా వేస్తూనే ఉన్నారు. 94 కంటే దిగితే డాక్టరుకు చూపించాలని అప్పట్లో అందరికీ తెలుసు. తనకూ తెలుసు. అయినా ఆరు గంటలు ఆగింది. ఎన్నిసార్లు వేసినా లెక్క అక్కడికే వచ్చి ఆగుతుంది.

ఓదార్చేవాళ్లు లేక కాదు. "నీ తప్పేముంది?" అన్నారు భర్త. "ఆయన ఆయుష్షు అంతే" అంది అమ్మ. దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కొత్త కేసులు నమోదైన రోజులవి. రాత్రికి రాత్రే బయల్దేరినా బెడ్ దొరికేదన్న నమ్మకం లేదు. అదీ ఆమెకు తెలుసు. కానీ లోపల కూర్చున్న జడ్జి దగ్గర ప్రతి వాదనకూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది: "ప్రయత్నించి చూడొచ్చుగా?"

ఆమెను 2024లో సైకాలజిస్ట్ దగ్గరికి పంపింది నిద్రలేమి కాదు, కూతురు. ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల ఒక పరీక్షలో మార్కులు తగ్గిన రోజున గదిలో తనను తానే తిట్టుకుంటోంది. "బుద్ధిలేని దానా, నీ వల్ల ఏదీ కాదు." ఆ మాటలు, ఆ విసురు ఎవరివో తలుపు బయట నిలబడ్డ తల్లికి వెంటనే తెలిసింది. మూడేళ్లుగా ఇంట్లో వినబడుతున్న గొంతే అది.

తప్పు మీది కాదని సైకాలజిస్ట్ కూడా అంటారని ఆమె అనుకున్నారు. అనలేదు. రాత్రిపూట తనతో తాను అనుకునే మాటల్ని ఉన్నవున్నట్టు కాగితం మీద రాయమన్నారు. ఆ తర్వాత బ్యాంకు సంగతి అడిగారు. ఆ ఏడాది చనిపోయిన ఖాతాదారుల డబ్బు కోసం వారసులు వరసగా వచ్చేవారు. ఒకావిడ తండ్రి పాస్‌బుక్ పట్టుకొచ్చి, ఒక్క రోజు ముందు ఆస్పత్రిలో చేర్చి ఉంటే బతికేవారని ఏడ్చింది.

"మీరేం చేశారు?"

"కుర్చీ వేయించాను. మంచినీళ్లిచ్చాను. ఏడుపు తగ్గేదాకా ఫారాలు బయటికి తీయలేదు."

"ఈ కాగితం మీద రాసిన మాటలు ఆవిడతో అనలేదా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

బ్రిటన్ క్లినికల్ సైకాలజిస్ట్ పాల్ గిల్బర్ట్ గమనించింది ఇలాంటి తేడానే. తమ ఆలోచనలో పొరపాటు ఎక్కడుందో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు చక్కగా చెప్పగలిగేవారు. కానీ ఆ సరైన మాటను కూడా తమతో తాము కసురుకున్నట్టే చెప్పుకునేవారు. తర్కం బుర్రకెక్కుతోంది, ఊరట మాత్రం దక్కడం లేదు. అందుకే ఆయన మాటతో పాటు గొంతును కూడా మార్చే పద్ధతిని రూపొందించారు. దాని పేరు కంపాషన్ ఫోకస్డ్ థెరపీ. నెమ్మదిగా ఊపిరి తీసుకుని ఒంట్లోని అలజడిని ముందు తగ్గించడం, మన మేలు కోరే మనిషి ఎలా మాట్లాడతారో ఊహించుకోవడం, ఆ గొంతుతో తనకు తాను ఉత్తరం రాసుకోవడం అందులోని అభ్యాసాలు. అమెరికా పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో ఈ స్వీయ కరుణకు మూడు అంగాలు చెప్పారు: తన పట్ల దయ, బాధ అందరికీ ఉండేదేనన్న ఎరుక, బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడటం.

వినడానికి తేలికే. మొదటి ఉత్తరం రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. ఆ వారం నిద్ర ఇంకా తగ్గింది. "నన్ను నేను క్షమించుకుంటే నాన్నకు అన్యాయం చేసినట్టే" అన్నారామె. తనపై కరుణ అంటే భయపడేవాళ్లు థెరపిస్టులకు కొత్త కాదు. ఏళ్ల తరబడి శిక్ష వేసుకున్నవాళ్లకు ఆ శిక్షే పోయిన మనిషితో మిగిలిన బంధం అనిపిస్తుంది. దాన్ని తెంచమని సైకాలజిస్ట్ అడగలేదు, ఇంకొకటి వెతకమన్నారు. నాన్న గురించి ఆ నాలుగు రోజులు తప్ప మరేదీ తలుచుకోవడం లేదని ఆమెకు అప్పుడు తట్టింది. ఆయన 71 ఏళ్లు బతికారు. ఆ కబుర్లు కూతురికి చెప్పడం మొదలుపెట్టారు.

తన మీద తనకు జాలి ఎక్కువైతే మనిషి బద్ధకిస్తాడని, తప్పు దిద్దుకోడని మన పెంపకంలో ఒక నమ్మకం. కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది వేరు. కష్టమైన పరీక్ష తప్పాక తమ పట్ల దయగా ఆలోచించమని చెప్పినవాళ్లు తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. తిట్లకు భయపడేవాడు తప్పును దాచిపెడతాడు. భయం లేనప్పుడే దాన్ని నేరుగా చూడగలడు.

ఆమె విషయంలోనూ అదే జరిగింది. ఏడో నెలలో పూర్తిచేసిన ఉత్తరంలో నిర్దోషి అన్న తీర్పు లేదు. "ఆ రాత్రి నాకు తెలిసినంతలో, నాన్న మాట విని ఒక నిర్ణయం తీసుకున్నాను. అది తప్పయి ఉండొచ్చు. కానీ ఆ తప్పు చేసింది ఆయన్ని ప్రేమించిన మనిషే" అని మాత్రం ఉంది.

ఇలాంటి సాయం అందరికీ అందడం లేదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్‌ను 14416 నంబరులో ఉచితంగా సంప్రదించవచ్చు. కుంగుబాటు తీవ్రంగా ఉన్నవాళ్లకు ఉత్తరాలు మాత్రమే చాలవు, సైకియాట్రిస్ట్ అవసరం పడుతుంది.

ఆమెకు ఇప్పటికీ అప్పుడప్పుడూ రెండింటికి మెలకువ వస్తుంది. 91 కనిపిస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక గ్లాసు మంచినీళ్లు తాగుతారు. బ్యాంకులో పరాయివాళ్లకు రోజూ చేసే మర్యాదే అది. దాన్ని తనకూ చేసుకోవచ్చని తెలియడానికి మూడేళ్లు పట్టింది.