పరీక్షలన్నీ పాసయ్యాయి, ఫలితం తప్పు

తోటి ఇంజనీరు ప్రోగ్రామ్‌లో తప్పుందని ఒకసారి నలుగురికీ తెలిసేలా మెయిల్ రాశాను. ఆయన ప్రోగ్రామ్‌లో ఆ తప్పు లేదు. నేను సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న పనిముట్టు లేని తప్పును చూపించింది. అలా చూపించేలా దాన్ని బిల్డ్ చేసింది నేనే.

ఆ పనిముట్టు పేరు స్ట్రేస్. లినక్స్‌లో ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా, నెట్‌వర్క్ వాడాలన్నా కెర్నల్‌ను అడగాల్సిందే. అలా అడగడమే సిస్టమ్ కాల్. ప్రతి కాల్‌నూ, దానికి కెర్నల్ ఇచ్చిన జవాబునూ స్ట్రేస్ వరసగా రాసి చూపిస్తుంది. 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ దీన్ని సన్‌ఓఎస్ కోసం రాశారు. తర్వాత బ్రాంకో లాంకెస్టర్ లినక్స్‌కు తెచ్చారు. ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిపోయిందో సోర్స్ చేతిలో లేకుండా కనుక్కోవాలంటే ఇప్పటికీ నేను ముందు తీసేది దీన్నే.

దీని పనంతా పీట్రేస్ అనే కాల్ మీద నడుస్తుంది. ట్రేస్ అవుతున్న ప్రోగ్రామ్ ప్రతి సిస్టమ్ కాల్‌కూ రెండుసార్లు ఆగుతుంది, కెర్నల్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. ఆగినప్పుడు స్ట్రేస్ రిజిస్టర్లు చదువుతుంది. వాటిలో ఉన్న అడ్రస్ దగ్గర నుంచి బైట్లు తెచ్చుకుని వాటికి అర్థం చెబుతుంది. నా తప్పంతా ఈ అర్థం చెప్పే దగ్గరే ఉంది. ఒక స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డు ఎన్నో బైటు నుంచి మొదలవుతుందో తెలిస్తేనే బైట్లకు అర్థం చెప్పగలం. స్ట్రేస్‌కు ఆ సంగతి బిల్డ్ చేసేటప్పుడే తెలియాలి.

మా సర్వర్‌లో కెర్నల్ కొత్తది, డిస్ట్రోతో వచ్చిన స్ట్రేస్ పాతది. లినక్స్ 5.3లో వచ్చిన క్లోన్3 కాల్ దానికి తెలియదు, పేరుకు బదులు నంబరే చూపేది. స్ట్రేస్ విడుదలలు కెర్నల్ విడుదలల వెంటే వస్తాయి. 2019 మార్చిలో లినక్స్ 5.0 వస్తే అదే నెలలో స్ట్రేస్ 5.0 కూడా వచ్చింది. అందుకే కొత్త సోర్స్ తెచ్చుకుని బిల్డ్‌కు కూర్చున్నాను. గిట్ నుంచి తెచ్చుకుంటే ముందు బూట్‌స్ట్రాప్ స్క్రిప్టు నడపాలి, దానికి ఆటోకాన్ఫ్, ఆటోమేక్ ఉండాలి. తర్వాత మామూలే, కాన్ఫిగర్, మేక్.

కాన్ఫిగర్ మధ్యలో ఆగిపోయింది. 32 బిట్ ప్రోగ్రాములకు కావలసిన సపోర్ట్ ఎనేబుల్ చేయలేకపోతున్నానని ఎర్రర్ ఇచ్చింది. దాన్ని స్ట్రేస్‌లో ఎంపర్స్ అంటారు. 64 బిట్ మెషీన్ మీద 32 బిట్ ప్రోగ్రాములూ నడుస్తాయి కానీ వాటి స్ట్రక్చర్ల అమరిక వేరు. ఆ అమరిక తెలుసుకోవడానికి స్ట్రేస్ బిల్డ్ సమయంలో కంపైలర్ చేత 32 బిట్ కోడ్ కంపైల్ చేయిస్తుంది. దానికి 32 బిట్ హెడర్లు, లైబ్రరీలు ఉండాలి. డెబియన్, ఉబుంటుల్లో జీసీసీ మల్టీలిబ్ ప్యాకేజీ వేస్తే పనైపోతుంది. ఆ ప్యాకేజీ వేయాలంటే నేను అడ్మిన్‌ను అడగాలి. అడగలేదు. ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో చదవకుండానే, ఎంపర్స్ వద్దనే ఆప్షన్ ఇచ్చి మళ్లీ నడిపాను. కాన్ఫిగర్ పూర్తయింది, మేక్ పూర్తయింది. మేక్ చెక్ కూడా నడిపాను. ఒక్క ఫెయిల్ లేదు.

ఆ ఫలితం చూసే నాకు ధైర్యం వచ్చింది. ఎంపర్స్ ఆపేస్తే 32 బిట్ పరీక్షలున్న ఫోల్డరే బిల్డ్‌లోకి రాదని నాకు తెలియదు. నడవని పరీక్ష ఫెయిలయ్యే అవకాశమే లేదు.

అప్పట్లో మా దగ్గర ఒక పాత 32 బిట్ ప్రోగ్రామ్ ఉండేది. ఫైలులో ఒక రికార్డును లాక్ చేసి, మార్చి, లాక్ తీసేయడం దాని పని. ఒక్కో రికార్డు 512 బైట్లు. ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి గంటలకొద్దీ ఆగిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. స్ట్రేస్ పెట్టి చూశాను. లాక్ రకం సరిగ్గానే ఉంది. కానీ ఏ రికార్డును లాక్ చేసినా, లాక్ ఏ బైటు నుంచో చెప్పే మొదలు విలువ 512 అనే కనిపించింది. పొడవు దగ్గర అర్థంపర్థం లేని పెద్ద అంకె. అందరూ ఒకే చోట లాక్ వేస్తున్నారు, పొడవు ఇనిషియలైజ్ చేయడం మరిచిపోయారు అని నిర్ధారించుకుని ఆ మెయిల్ రాశాను.

అసలు జరిగింది ఇది. లాక్ స్ట్రక్చర్‌లో మొదటి నాలుగు బైట్లు రెండు అమరికల్లోనూ ఒకటే, అందుకే లాక్ రకం సరిగ్గా వచ్చింది. 32 బిట్ అమరికలో మొదలు నాలుగో బైటు దగ్గర, పొడవు ఎనిమిదో బైటు దగ్గర ఉంటాయి. 64 బిట్‌లో ఎనిమిదో బైటు దగ్గర ఉండేది మొదలు. ఎంపర్స్ లేని నా స్ట్రేస్ అన్నిటినీ 64 బిట్ అమరికతోనే చదివింది. అది మొదలని చూపించిన 512 నిజానికి పొడవు. పొడవని చూపించింది ఆ స్ట్రక్చర్ దాటాక మెమరీలో మిగిలి ఉన్న ఏవో బైట్లు. మొత్తం తప్పుగా కనిపించి ఉంటే అనుమానించేవాణ్ణి. సగం సరిగ్గా ఉంది కాబట్టి నమ్మాను.

ఆ ఇంజనీరు నాతో వాదించలేదు. లాక్ వేసే ముందు మొదలు విలువను లాగ్‌లో ప్రింట్ చేయించి పంపారు. రికార్డు రికార్డుకూ విలువ మారుతోంది. అప్పుడు నా ట్రేస్ స్క్రిప్టు తెరిచి చూసుకున్నాను. ట్రేస్‌ను ఫైలులోకి రాయిస్తూ, స్ట్రేస్ స్క్రీన్ మీద వేసే మాటలు చికాకుగా ఉన్నాయని వాటిని డెవ్‌నల్‌లోకి పంపేశాను. ఆ మళ్లింపు తీసేసి నడిపితే హెచ్చరిక స్పష్టంగా వచ్చింది: ఈ రకం ప్రాసెస్ స్ట్రక్చర్లను సరిగ్గా విడదీసి చూపలేను, ఎంపర్స్‌తో బిల్డ్ చేసుకోండి అని. మొదటి రోజు నుంచీ అది చెబుతూనే ఉంది.

మల్టీలిబ్ వేయించుకుని మళ్లీ బిల్డ్ చేశాను. ఈసారి 32 బిట్ పరీక్షలు కూడా నడిచాయి. అసలు కారణం ఆ కొత్త ట్రేస్‌లో దొరికింది: ఒక ప్రాసెస్ లాక్ పట్టుకుని ఉండగానే నెట్‌వర్క్ జవాబు కోసం టైమౌట్ లేకుండా ఎదురుచూస్తోంది. మొదటి మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ, నా మాట తప్పని, ఎందుకు తప్పో వివరంగా రాశాను. ఆయనకు విడిగా క్షమాపణ చెప్పుకున్నాను.

ఎంపర్స్ ఆప్షన్‌కు చెక్ అనే మరో విలువ కూడా ఉంది. 32 బిట్ సామగ్రి ఉంటే వాడుకో, లేకపోతే వదిలేసి ముందుకు పో అని దాని అర్థం. స్ట్రేస్ రాసేవాళ్లు దాన్ని డిఫాల్ట్‌గా పెట్టలేదు. సామగ్రి లేకపోతే బిల్డ్ ఆగిపోయేలానే పెట్టారు. అప్పుడు అది నాకు అడ్డంకి అనిపించింది. ఇప్పుడు అదే సరైన నిర్ణయమని గట్టిగా నమ్ముతున్నాను. కొలిచే సాధనం విషయంలో, అరకొరగా తయారవడం కంటే తయారు కాకపోవడమే నయం.

మీ మెషీన్‌లో మీరో, మీకంటే ముందు ఆ సీట్లో కూర్చున్నవారో బిల్డ్ చేసిన స్ట్రేస్ ఉంటే, పెద్ద వీ ఆప్షన్‌తో ఒకసారి నడపండి. వెర్షన్ కింద ఏ సదుపాయాలతో అది బిల్డ్ అయిందో రాసి ఉంటుంది. అక్కడ ఎం32 ఎంపర్స్ ముందు నో అని ఉంటే, ఆ బైనరీ చూపించే 32 బిట్ ట్రేస్ ఆధారంగా ఎవరినీ తప్పు పట్టకండి. ముందు దాన్ని మళ్లీ బిల్డ్ చేయండి.